బావ కుట్టిన పాస్‌పోర్టు

బైండింగు షాపు,
కటింగు మిషను పక్క స్టూలు మీద నుంచి,
సోమవారం

మరదలు పిల్లకి,

బావ ఉత్తరం రాశాడంటే కొంప ఏదో మునిగిందని కంగారు పడకు. ఈసారి శుభవార్తే. ఫోను చేయొచ్చుగా అంటావు. నా చేతికి ఎప్పుడూ జిగురు, నీ ఫోను ఎప్పుడూ లాకర్లో. పైగా కత్తిరించగా మిగిలిన ఈ మందపాటి కాగితాన్ని నేనేం చేసుకోను?

సంగతేమిటంటే, మీ అక్క ఈ ఏడాది చివర్లో రిటైరవుతోంది. మొన్న బడి నుంచి వచ్చి సుద్ద చేతులు కడుక్కుంటూ, "ముప్పై ఏళ్ళుగా బోర్డు మీద అగ్నిపర్వతం గీసి, పైన పొగ గీస్తున్నాను. ఆ పొగ ఎలా ఉంటుందో నాకే తెలీదు. పిల్లల్ని మోసం చేస్తున్నట్టుంది" అంది. నేను నోరు జారి, "అయితే వెళ్ళి చూసొద్దాం పద" అన్నాను. అంతే! మర్నాటికి రెండు టిక్కెట్లు కొనేసింది. వాపసు ఇవ్వడం కుదరని రకం. ఏదో దీవట, మధ్యలో పొగలు కక్కే కొండట, పది రోజులట. బడి సెలవుల్లో ప్రయాణం.

మేమిద్దరం విమానాన్ని కింద నుంచి తప్ప చూసినవాళ్ళం కాదు. నువ్వు ఇరవై ఏళ్ళుగా కౌంటర్లో కూర్చుని జనాన్ని పైకి పంపిస్తున్నావు (చెడ్డ అర్థంలో కాదు). మమ్మల్ని కూడా పంపించు. వీసా ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, ఇవ్వనంటే ఏం చేయాలి, అన్నీ వివరంగా రాయి. మీ అక్క మొహంలో ఇంత వెలుగు నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. అది ఆరిపోతే మాత్రం ఊరుకోను.

నీ బావ

*

చెక్-ఇన్ హాలు వెనక స్టాఫ్ రూము,
రెండు విమానాల మధ్య టీ టైము,
శుక్రవారం

బావగారికి,

మీరేనా? ఊరి చివరి పార్కుకి తీసుకెళ్ళమంటే మూడుసార్లు వాయిదా వేసిన మా బావగారేనా? ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను, చేతిరాత మీదే.

సరే, పాఠం మొదలుపెడుతున్నాను, శ్రద్ధగా వినండి. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చాక కూడా ఆరు నెలలు మిగిలి ఉండాలి. ఖాళీ పేజీలు రెండైనా ఉండాలి. ఫోటో తెల్లటి గోడ ముందు, చెవులు కనబడాలి, పళ్ళు కనబడకూడదు. రానూపోనూ టిక్కెట్లు, హోటలు బుకింగు, అక్క బడి నుంచి సెలవు చీటీ, మీ షాపు లైసెన్సు, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ఫారంలో వృత్తి అన్నచోట "బుక్ బైండరు" అని రెండు ముక్కలు రాసి ఆపండి. మీ గొప్పలు రాయడానికి అది చోటు కాదు. ఆఫీసరు ఏదడిగితే దానికే జవాబు చెప్పాలి. జోకులు వేయకూడదు.

ఇంకో మాట. వీసా వచ్చేసిందంటే దేశం మనదైపోయిందని అనుకుంటారు జనం. కాదు. వీసా అంటే వాళ్ళింటి తలుపు తట్టే హక్కు మాత్రమే. తలుపు తీసేది అక్కడి ఆఫీసరు. ఆ తలుపు దాకా మిమ్మల్ని పంపాలా వద్దా అని చూసేది నేను. తప్పుడు కాగితాలతో ఎవర్నైనా ఎక్కించానో, వాళ్ళని అదే విమానంలో వెనక్కి తోలేస్తారు, నాకు మెమో వస్తుంది. ఒకటి వచ్చింది కూడా. అది ఇంకా నా డ్రాయర్లో ఉంది. అందుకే కౌంటర్లో నన్ను అందరూ రాక్షసి అంటారు. నాకేం బాధ లేదు.

అక్కకి నా తరఫున ఒక పెద్ద కౌగిలింత ఇవ్వండి. జిగురు చేతులతో కాదు.

మీ మరదలు

*

బైండింగు షాపు,
ప్రెస్సు మీద కాగితం పెట్టి,
బుధవారం

మరదలు పిల్లా,

వచ్చేశాయి వీసాలు! ఇద్దరికీ!

ఫోటో దగ్గరే సగం ప్రాణం పోయింది. పళ్ళు కనబడకూడదన్నావు కదా, నోరు బిగించాను. స్టూడియో ఆయన చూసి, "సార్, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. దాంతో నవ్వొచ్చింది. అయిదోసారికి గానీ కుదర్లేదు.

వీసా ఆఫీసులో అద్దం వెనక ఒక అమ్మాయి కూర్చుంది. "ఎందుకు వెళ్తున్నారు?" అని మీ అక్కని అడిగింది. అడగడం ఆ అమ్మాయి చేసిన పొరపాటు. మీ అక్క భూమి లోపలి పొరల దగ్గర మొదలుపెట్టింది. పలకలు కదిలాయి, రాయి కరిగింది, ఆవిరి పైకి తన్నింది. వెనక క్యూలో ఉన్నవాళ్ళు కూడా దగ్గరికొచ్చి విన్నారు. చివరికి ఆ అమ్మాయి, "అమ్మా, చాలు, వెళ్ళి చూసి రండి" అని స్టాంపు వేసింది. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను బట్టీపట్టిన జవాబులన్నీ వృథా.

వీసా చీటీ అతికించిన పద్ధతి చూశాను. జిగురు సమంగా పరిచారు, బుడగ లేదు. ఆ పనికి నేను వంక పెట్టలేను. కుట్టు సంగతి మాత్రం నన్ను అడగకు. అంత ముఖ్యమైన పుస్తకానికి అదా కుట్టు? మిషను మీద ఒక్క వరస లాగి వదిలేశారు. బల్ల మీద పెడితే మూసుకోదు, నోరు తెరుచుకునే ఉంటుంది. ఇద్దరివీ అంతే. నా దాంట్లో మధ్య కాగితం కదులుతోంది కూడా. చూస్తుంటే చేతులు ఒకటే దురద.

సర్లే, ఆ సంగతి వదిలెయ్. విమానం ఎక్కేముందు కౌంటర్లో ఏమేం చూస్తారో రాయి. ఇంకా అయిదు వారాలుంది.

నీ బావ

*

స్టాఫ్ రూము,
యూనిఫాం స్కార్ఫు విప్పకుండానే,
ఆదివారం

బావగారికి,

అక్క వీసా ఆఫీసులో పాఠం చెప్పిన ముచ్చట ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

ఎయిర్‌పోర్టుకి మూడు గంటల ముందే రండి. మీ చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే సూది, ఆ చిన్న కత్తి, రెండూ ఇంట్లో వదిలి రండి. పెద్ద పెట్టె మనిషికి ఇరవై మూడు కిలోలు దాటకూడదు. నేను ఆ రోజు నాలుగో నంబరు కౌంటర్లో ఉండేలా డ్యూటీ మార్పించుకున్నాను.

ఈ రోజు మాత్రం మనసు బాగాలేదు. ఒకాయన పెళ్ళాం పిల్లలతో సెలవులకి బయల్దేరాడు. పిల్లలకి కొత్త టోపీలు. ఆయన పాస్‌పోర్టులో ఒక పేజీ ఊడితే, ఇంట్లోనే శ్రద్ధగా టేపు వేసుకున్నాడు. పాపం, తప్పు చేశానని ఆయనకి తెలీనే తెలీదు. సొంతంగా బాగుచేసుకున్న పాస్‌పోర్టు ఇక చెల్లదు బావా. లోపల ఎవరి పేజీ పెట్టి కుట్టారో, ఎవరి ఫోటో మార్చారో అని అనుమానపడతారు. నేను వెనక్కి పంపేశాను. చిన్న పిల్ల టోపీ తీసి నా కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీరు మధ్య కాగితం కదులుతోందన్నారు. దాన్ని ముట్టుకోకండి. మీ చేతుల సంగతి నాకు తెలుసు. అలాగే పట్టుకెళ్ళి పాస్‌పోర్టు ఆఫీసులో చూపించండి.

మీ మరదలు

*

బైండింగు షాపు,
గురువారం

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం అందింది. మేమంతా కులాసా. ఎండలు బాగానే ఉన్నాయి.

మా షాపుకి ఒక కస్టమరు వచ్చాడు. మంచివాడు, మర్యాదస్తుడు, చూడ్డానికి కూడా బాగుంటాడు. అతనికి ఒక సందేహం వచ్చింది. అతను పాస్‌పోర్టుకి టేపు గీపు వేసే రకం కాదు. పాత దారం విప్పేసి, అయిదు చిల్లులు పొడిచి, మైనం రాసిన నార దారంతో చేత్తో కుట్టించుకున్నాడు. పుస్తకం వెన్ను మీద సన్నటి గుడ్డ వేసి, ఒక పూట ప్రెస్సులో ఉంచారు. పేజీ మారలేదు, అక్షరం చెదరలేదు. ఇప్పుడు బల్ల మీద పెడితే చక్కగా మూసుకుంటుంది. దాన్ని తయారుచేసినవాళ్ళు చూస్తే సిగ్గుతో తల దించుకుంటారు.

అంత మంచి పని కూడా తప్పేనా? కస్టమరు అడగమన్నాడు.

నీ బావ

*

స్టాఫ్ రూము, శనివారం

బావా,

ఆ కస్టమరుకి బట్టతల, ఎడమ బొటనవేలి మీద కత్తి గాటు ఉన్నాయా?

ఎంత పని చేశారు! అక్కది కూడా కుట్టారా? అది ఒక్కటీ చెప్పండి ముందు.

*

బైండింగు షాపు,
తలుపు దగ్గరగా వేసి,
మంగళవారం

తల్లీ,

కుట్టలేదు. మీ అక్కది కుట్టలేదు. విప్పుదామని సూది అంచుకి ఆనించాను కూడా. అంతలో బడి ప్యూను హాజరు పట్టీలు పట్టుకుని వచ్చాడు, పనిలో పడి మర్చిపోయాను. ఆ ప్యూను కనబడితే కాళ్ళ మీద పడాలనుంది.

నాది మాత్రం అయిపోయింది. వీసాలు వచ్చిన రోజు సాయంత్రమే కుట్టేశాను. వీసాల సంగతి నీకు రాసేటప్పటికి అది ప్రెస్సులో ఉంది. నువ్వు మెచ్చుకుంటావనుకుని కౌంటర్లో చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. టోపీ పిల్ల సంగతి చదివాకే ఆ కస్టమరు కథ అల్లాను.

ఒక్క మాట అడుగుతాను, తిట్టకు. కౌంటర్లో ఉండేది నువ్వే కదా. ఆ ఒక్క నిమిషం చూసీ చూడనట్టు వదిలేయలేవా? నా కుట్టు అంత తేలిగ్గా ఎవరూ పట్టుకోలేరు.

నీ బావ

*

స్టాఫ్ రూము,
గురువారం

బావగారికి,

తిట్టను. కానీ వదలను కూడా.

నేను వదిలితే ఏమవుతుందో చెబుతాను. ఆరు గంటలు ప్రయాణం చేసి దీవిలో దిగుతారు. అక్కడ ఇలాంటివి పట్టుకోవడానికే జీతం తీసుకునే ఆఫీసరు మీ పాస్‌పోర్టుని దీపం కింద పెడతాడు. వరసగా మిషను చిల్లులు ఉండాల్సిన చోట చేత్తో పొడిచిన అయిదు కనబడతాయి. మిమ్మల్ని అదే విమానంలో వెనక్కి పంపుతాడు. అక్క మీ వెంట వచ్చేస్తుంది. కిటికీలోంచి పొగ దూరంగా కనబడుతుంటే వెనక్కి వచ్చేస్తుంది. అది చూడమంటారా మీరు?

కొత్త పాస్‌పోర్టుకి ఆరు వారాలు. దాని మీద మళ్ళీ వీసాకి మూడు. మీ విమానం మూడు వారాల్లో ఉంది. ఈ లెక్క నేను నాలుగుసార్లు వేశాను. ఎటు తిప్పినా కుదరడం లేదు.

మీరు కుట్టింది గొప్పగా ఉండుంటుంది, ఒప్పుకుంటాను. నాకు ఏడుపొచ్చేది కూడా అందుకే. ఏ వెధవ పనో చేసుంటే హాయిగా తిట్టుకునేదాన్ని. పాస్‌పోర్టు ఆఫీసుకెళ్ళి నిజం చెప్పి కొత్తదానికి అర్జీ పెట్టండి. దానికంటే ముందు అక్కకి చెప్పండి. ఈ రోజే చెప్పండి.

మీ మరదలు

*

బైండింగు షాపు,
సోమవారం

మరదలు పిల్లకి,

చెప్పలేకపోయాను.

మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి మీ అక్క కొత్త బూట్లు వేసుకుని మేడ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. కొండ ఎక్కడానికి సాధనట. రెండోసారి దీవి పటం నేల మీద పరిచి, మనం ఇక్కడ నిలబడతాం, గాలి ఇటు నుంచి వస్తుంది అని నాకు వేలితో చూపించింది. మూడోసారి నేను "ఇదిగో, ఒక మాట" అన్నాను. ఆవిడ తల ఎత్తి అలా చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు నమిలి, "గొడుగు పెట్టుకున్నావా?" అని అడిగాను.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. "అయితే ఇద్దరం మానేద్దాం, ఫర్వాలేదు" అంటుంది. నిజంగానే ఫర్వాలేదన్నట్టు నవ్వుతుంది కూడా. పదేళ్ళ కిందట టీచర్లందరూ విహారయాత్రకి వెళ్ళినప్పుడు నాకు జ్వరం వచ్చిందని బస్సు దిగి వచ్చేసింది, గుర్తుందా? మర్నాటికి నా జ్వరం తగ్గిపోయింది, బస్సు మాత్రం వెళ్ళిపోయింది. ఈసారి అలా జరగడానికి వీల్లేదు.

అందుకని ఒక ఉపాయం వేశాను. ఆ రోజు మామూలుగానే ఇద్దరం నీ కౌంటరుకి వస్తాం. నువ్వు నా పాస్‌పోర్టు చూసి కుదరదంటావు. నేను ఆశ్చర్యపోతాను. అప్పటికి మీ అక్క పెట్టె బెల్టు మీద వెళ్ళిపోయి ఉంటుంది, టైము ఉండదు, ఆలోచించుకునే వీలుండదు. "నువ్వు వెళ్ళు, నేను తర్వాత వస్తా" అంటాను. నేను లేకుండా ఆవిడ అంత దూరం వెళ్ళడం నాకూ బాధగానే ఉంది. ఆ మొహం చూడాలనే కదా ప్రయాణం పెట్టుకున్నది. కానీ నా పాడు చేతుల వల్ల మీ అక్క పొగ ఆగిపోకూడదు.

కొత్తదానికి అర్జీ పెట్టాను. పాత పాస్‌పోర్టుని రద్దు చేసి, మూల కత్తిరించి నాకే ఇచ్చేశారు. మీ అక్కకి అనుమానం రాకుండా అట్ట తొడిగి దాచాను. ఆవిడ ఈ మధ్య నా పెట్టె కూడా తనే సర్దుతానని నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. నాలుగు చొక్కాలకి అంత హడావిడి దేనికో. పాపం, రాని మనిషికి పెట్టె సర్దుతోంది.

నీ బావ

*

స్టాఫ్ రూము,
ఆదివారం

బావగారికి,

మీ మీద నాకు పట్టరాని కోపంగా ఉంది. అయినా సరే.

నా షరతులు ఇవి. నేను అబద్ధం చెప్పను, నటించను. మీ పాస్‌పోర్టు నా చేతికి వస్తే ఏ ప్రయాణికుడికైనా చెప్పినట్టే మీకూ చెబుతాను. అక్క నన్ను మీ పాస్‌పోర్టు గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. అడగకపోతే నోరు విప్పను. ఆశ్చర్యపోయే పని మీదే, దాంట్లో నాకు వాటా లేదు. అద్దం ముందు సాధన చేయండి. మీరు ఆశ్చర్యపోతే పంటి నొప్పి వచ్చినట్టుంటుంది.

ఇంకో వాక్యం రాసి కొట్టేశాను. వెలుతురుకి పెట్టి చదవాలని చూడకండి, బాగా కొట్టేశాను.

మీ మరదలు

*

ఇల్లు,
ముందు గది నేల మీద కూర్చుని,
ప్రయాణం రోజు సాయంత్రం

మరదలు పిల్లా,

నువ్వు కౌంటర్లో నన్ను "సార్" అన్నావు చూడు, ఆ సార్ ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. పాస్‌పోర్టు అట్ట తీసి, వంచి, వెన్ను మీద వేలు పెట్టి నిమిరావు. ఒక్క క్షణం ఆగావు. కుట్టు నచ్చింది కదూ? నిజం చెప్పు. ఆ తర్వాత, "సార్, దీని మీద మిమ్మల్ని ఎక్కించలేను" అన్నావు. నేను ఆశ్చర్యపోయాను. బాగానే ఆశ్చర్యపోయాననుకుంటున్నాను.

నేను వారం రోజులు బట్టీపట్టిన మాటలు నీకేం తెలుసు! టిక్కెట్టు వృథా కాకూడదు, నా మీద ఒట్టు, కన్నీళ్ళు పెట్టుకోకు, ఇలా ఒక పేజీ ఉంది. "నువ్వు వెళ్ళు" అని మొదటి రెండు ముక్కలు అన్నానో లేదో, మీ అక్క బోర్డింగు పాసు తీసుకుంది. నా కాలరు సరిచేసింది. నా పెట్టె తాళంచెవి జేబులో వేసి, "గ్యాస్ కట్టేయడం మర్చిపోకండి" అని చకచకా వెళ్ళిపోయింది. ఒక్క కన్నీటి చుక్క లేదు! నాకు బాధ సంగతి అలా ఉంచు, ఒళ్ళు మండింది.

పెట్టె మోసుకుంటూ ఇంటికొచ్చేసరికి నడుం పడిపోయింది. కౌంటర్లో నువ్వు కూడా, "ఇరవై రెండు కిలోలుంది సార్" అన్నావుగా. తాళం తీశాను. ఒక్క చొక్కా లేదు. బడి అట్లాసులు. పద్నాలుగు. అన్నీ వెన్ను విరిగి, కాగితాలు ఊడి ఉన్నాయి. పైన ఈ చీటీ ఉంది, మక్కీకి మక్కీ రాస్తున్నాను:

"ఏమండీ, నా పాస్‌పోర్టు బల్ల మీద పెడితే నోరు తెరుస్తుంది. మీది బుద్ధిగా మూసుకుంది. ఇరవై ఆరేళ్ళుగా మీ కుట్టు చూస్తున్నదాన్ని, కనిపెట్టలేననుకున్నారా? కుట్టు విప్పితే చెల్లదని దాని చివరి పేజీలోనే రాసుంది. ఆ రోజే అడుగుదామనుకున్నాను. అడిగితే మీరు ఒప్పుకుంటారు, నేను ఆగిపోతాను. ఈసారి నాకు ఆగాలని లేదు. అందుకే నేనూ నోరు మూసుకున్నాను. మీరు నోరు విప్పబోయిన ప్రతిసారీ, చెప్పకపోతే బాగుండునని లోపల దండాలు పెట్టుకున్నాను. ఇది స్వార్థమే. తిట్టుకోండి, కొండ మీద నాకు వినపడదు. చేతులు దురద పెడితే ఈ అట్లాసులు కుట్టండి. చొక్కాలు బీరువాలోనే ఉన్నాయి."

నేల మీద కూలబడి నవ్వాను. ఎంతసేపు నవ్వానో తెలీదు. మధ్యలో ఎక్కడో ఏడుపు కూడా వచ్చింది. ఇంతకీ నీకు తెలుసా తెలీదా?

నీ బావ

*

స్టాఫ్ రూము,
మూడు రోజుల తర్వాత

బావగారికి,

తెలుసు. అదే నేను కొట్టేసిన వాక్యం.

మూడు వారాల కిందట అక్క ఫోన్ చేసి, "ఒంటరిగా దిగే ఆడమనిషికి ఆ హోటలు ఫర్వాలేదా?" అని అడిగింది. ఫర్వాలేదన్నాను. "కిటికీ సీటు ఒక్కటే చాలు. మీ బావకి చెప్పకు" అంది. ఇటు మీరు "అక్కకి చెప్పకు" అని ఉత్తరాలు. చెరో చెవిలో చెరో రహస్యం పోసి మధ్యలో నన్ను చంపారు. అక్క పాస్‌పోర్టు మాట ఎత్తలేదు కాబట్టి నా షరతు తప్పలేదు, అంతే.

కన్నీళ్ళు లేవని మీకు ఒళ్ళు మండిందా? మీరు అటు తిరిగి వెళ్ళాక ఆవిడ సెక్యూరిటీ దగ్గర నుంచి వెనక్కి వచ్చింది. నా కౌంటరు చివర నిలబడి, మీరు ఆ పెట్టెతో తలుపు దాటేదాకా చూసింది. "చాలా బరువు పెట్టాను, పాపం" అని స్కార్ఫుతో కళ్ళు తుడుచుకుంది. నా స్కార్ఫుతో. ఉతికి ఇవ్వమనండి.

కుట్టు నచ్చింది. చాలా నచ్చింది. ఇరవై ఏళ్ళలో అంత బాగా పాడైన పాస్‌పోర్టు నేను చూడలేదు.

మీ మరదలు

*

బైండింగు షాపు,
రెండు నెలల తర్వాత, సోమవారం

మరదలు పిల్లకి,

పద్నాలుగు అట్లాసులూ బడికి చేరాయి. అన్నీ బల్లపరుపుగా మూసుకుంటున్నాయి.

మీ అక్క ఇన్నేళ్ళూ పొగని నిటారుగా గీసిందట. అది నిటారుగా ఉండదట. గాలి ఎటుంటే అటు వాలిపోతుందట, ఉండి ఉండి కొండనే కప్పేస్తుందట. వచ్చిన మర్నాడే బడికెళ్ళి, బోర్డు తుడిచి, "పిల్లలూ, ఇన్నాళ్ళూ తప్పు గీశాను" అని చెప్పి మళ్ళీ గీసింది. ఇంటికొచ్చి నాతో ఒకటే మాట అంది. "అక్కడ నిలబడినప్పుడు పక్కన ఎవరూ లేరండీ. ఇదిగో చూడండి అని పక్కకి తిరిగాను, మీరు లేరు." వచ్చే ఏడాదికి రెండు టిక్కెట్లు చూస్తోంది.

నా కొత్త పాస్‌పోర్టు ఈ పొద్దున టపాలో వచ్చింది. అదే మిషను కుట్టు, ఒక్క వరస, అదే నిర్లక్ష్యం. బల్ల మీద పెట్టాను. నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. నేను చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఈ ఉత్తరం రాయడానికి ఒక చెయ్యి తీయాల్సి వచ్చింది.

కంగారు పడకు. సూదుల పెట్టె తాళంచెవి మీ అక్క దగ్గరుంది.

నీ బావ